తిమ్మప్ప మా ఇంట్లో ఉన్న రోజు

నాన్న పోయాక అమ్మ ఫ్యామిలీ పెన్షన్ పని మీద మొన్న చలికాలంలో ఆ ఊరికి పోవలసి వచ్చింది. ఊరి పేరు రాయను. గద్వాలకూ వనపర్తికీ పోయే బస్సులు కాసేపు ఆగే మండల కేంద్రాల్లో అదొకటి అనుకుంటే చాలు. నాన్న అక్కడి పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేశాడు. నేను లా చదువుకున్నది ఆ స్టేషన్ వెనక క్వార్టర్లో ఉంటూనే. పని అనుకున్నదానికన్నా తొందరగా అయిపోయేసరికి అమ్మ "ఒక్కపారి మన ఇల్లు సూసి పోదమే" అంది. ఆటో దిగి స్టేషన్ గోడ వెంట వెనక్కి నడిచాం. ఇల్లు లేదు. ఆ జాగాలో పట్టుకొచ్చిన ఇసుక ట్రాక్టర్లు, మోటార్ సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి, టైర్ల చుట్టూ గడ్డి పెరిగి. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసి ఒక ట్రాలీ దిక్కు చెయ్యి చూపించి "వంటిల్లు గీడ ఉండె" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని "పా, పోదం" అంది. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద నిద్రపోయింది. నాకు కన్ను మూతపడలేదు.

ఆ క్వార్టర్లో రెండు అర్రలు, ఒక వంటిల్లు. గోడలు బండలవి, పైన రేకులు. స్టేషన్ వెనక గోడకూ మా ముందు తలుపుకూ నడుమ ఒక చిన్న ఆవరణ, అందులో ఒక వేపచెట్టు, ఒక బోరింగు. బయటికి పోవాలంటే స్టేషన్ పక్క నుంచి, సెంట్రీ ముందు నుంచి పోవాలి. వేరే దారి లేదు. పొద్దున కాలేజీ బస్సుకు పోయేటప్పుడూ, జొన్నలు పట్టించడానికి గిర్నీకి పోయేటప్పుడూ, ఆకుకూరల కోసం పోయేటప్పుడూ సెంట్రీ చూసేవాడు. చూడటం ఆయన డ్యూటీ. నేను ఎన్ని గంటలకు పోయి ఎన్ని గంటలకు వచ్చానో నాకన్నా ఆయనకు బాగా తెలిసేది. చుట్టాలు మా ఇంటికి రావడం మానేశారు. "మిమ్ముల చూడాలంటే ఠాణా గేటు దాటాల్నా" అని మా మేనత్త పెళ్ళి పిలుపు కూడా బస్టాండులోనే చెప్పి పోయింది. నా క్లాసు అమ్మాయిలు ఒకసారి వచ్చి, లోపల ఎవరినో తిడుతున్న గొంతు విని, చాయ్ సగంలో వదిలి లేచారు.

ఆ ఇంటి పొద్దులు వాసనలతో గుర్తుండిపోయాయి. తెల్లవారితే బూటు పాలిష్, ఖాకీ బట్టలకు అమ్మ పెట్టిన గంజి. నాన్న మంచం మీద కూర్చుని బెల్టు బిళ్ళను బూడిదతో తోముతూ ఉండేవాడు, అద్దంలో మొహం కనిపించినట్టు అందులో మొహం కనిపించాలి ఆయనకు. మధ్యాహ్నమైతే స్టేషన్ దిక్కు నుంచి ఫినాయిల్, బీడీ పొగ. సాయంత్రం జొన్న రొట్టెలు. అమ్మ అన్ని పనులూ నిమ్మళంగా చేసే మనిషి, గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేది. రొట్టెలు మాత్రం ఇల్లంతా అదిరేటట్టు కొట్టేది. అది ఆమె చేతి అలవాటు అనుకున్నాను చాలా రోజులు. స్టేషన్ వెనక గదిలోంచి దెబ్బల చప్పుడు వచ్చే సాయంత్రాలు మా ఇంట్లో రొట్టెలు ఎక్కువవుతాయని తర్వాత గమనించాను. తినేది ముగ్గురం. డబ్బా మూత పడనన్ని రొట్టెలు ఉండేవి. మర్నాడు వాటిని సెంట్రీకీ, కుక్కలకూ పెట్టేది. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరమూ ఎన్నడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు.

నాన్న పది చదివి కానిస్టేబుల్ అయినవాడు. అక్కడి నుంచి హెడ్డు అయ్యాడు. ఇంకొక మెట్టెక్కి ఏఎస్ఐ కావాలని ఆయనకు ఉండేది, దానికి డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టే చట్టాల పరీక్ష రాయాలి. ఆ ఏడు నాకు కాలేజీలో నేర విచారణ చట్టమూ రాజ్యాంగమూ రెండూ ఉన్నాయి. ఆయనకూ అవే. అందుకని ఒక్క పుస్తకం ఇద్దరం చదివేవాళ్ళం. పొద్దున్నే వేపచెట్టు కింద రెండు స్టూళ్ళు వేసుకుని, స్టీలు గ్లాసుల్లో చాయ్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆయన అక్షరాల కింద వేలు జరుపుతూ పైకి చదివేవాడు. పరేడ్‌లో నంబర్లు చెప్పినట్టు ఆర్టికల్స్ చెప్పేవాడు.

"ఇరవై?" అనేదాన్ని.

"ముద్దాయితోనే వాని మీద సాక్ష్యం చెప్పియ్యరాదు."

"ఇరవై రెండు?"

"పట్టుకున్నంక ఎందుకు పట్టుకున్నమో వానికి చెప్పాలె. వకీలుతోని మాట్లాడనియ్యాలె. ఇరవై నాలుగు గంటల్ల మెజిస్ట్రేట్ ముందర నిలబెట్టాలె, దారికి పట్టిన టైము ఇడిచిపెట్టి."

"సీఆర్‌పీసీల?"

"యాభై ఏడు. ఫుల్లు మార్కులేనా మేడం?"

నవ్వేవాడు. యూనిఫాం వేసుకున్నాక ఆయన నవ్వడం నేను చూడలేదు, కాబట్టి ఆ పొద్దుటి పూటలంటే నాకు ఇష్టంగా ఉండేది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక అడిగాను. "మరి నాన్నా, స్టేషన్ల గట్లనే జరుగుతదా?" ఆయన కళ్ళద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పరీక్షల అది అడగరు బిడ్డా" అన్నాడు.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి వేపచెట్టుకు ఒక ఎద్దు కట్టేసి ఉంది. తెల్లటిది, ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉంది, తొడ మీద పాత వాత. "కేసు ఎద్దంట" అంది అమ్మ, దానికి కుడితి పెడుతూ. దాంతోపాటు పట్టుకొచ్చిన మనిషి లోపల ఉన్నాడు. పేరు తిమ్మప్ప. తుంగభద్ర ఒడ్డున రాజోలి దగ్గరి పల్లె రైతు. పెబ్బేరు సంతలో ఆ ఎద్దును కొన్నాడు. జత కుదరలేదని మళ్ళీ అదే సంతకు అమ్మకానికి తోలుకొస్తే, మా ఊరి పెద్ద ఆసామి ఒకాయన వాత చూసి గుర్తుపట్టాడు. ఆయన కొట్టంలోంచి పోయిన జతలో అదొకటి. రెండో ఎద్దు ఎక్కడ అని పోలీసులు తిమ్మప్పను అడుగుతున్నారు. అమ్మినవాడి పేరు ఆయనకు తెలియదు. మొఖం చూస్తే గుర్తుపడతానంటున్నాడు. ఆసామి రోజూ ఎస్సైకి ఫోన్ చేస్తున్నాడు. ఎస్సై వయసులో చిన్నవాడు, ఉద్యోగానికి కొత్త. చెడ్డవాడని చెప్పలేను. ఆ ఫోన్ మోగితే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడని నాన్న ఒకసారి అమ్మతో అన్నాడు.

తిమ్మప్ప భార్య గోవిందమ్మ గేటు ఎదురుగా చాయ్ హోటల్ అరుగు మీద ఉండేది. సద్ది మూట ఒళ్ళో పెట్టుకుని, గేటు వైపే చూస్తూ. సెంట్రీ ఆమెను లోపలికి రానివ్వడు. నేను బస్సుకు పోతుంటే ఒక పొద్దున ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"హెడ్డుసారు బిడ్డవంట కదమ్మా. మాయన ఏమన్నా తిన్నాడా?"

"తిన్నడమ్మా" అన్నాను. నిజానికి అమ్మ ముందురోజు రొట్టెలు పంపింది, ఆయన తిన్నాడో లేదో నాకు తెలియదు. బస్సులో కూర్చుని పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరమూ కనపడలేదు. ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ డబ్బా నిండా రొట్టెలు కొట్టింది.

ఇంతలో డీఎస్పీ ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడని కబురొచ్చింది. గోడలకు సున్నం వేశారు, పూలకుండీలకు ఎర్ర రంగు పూశారు. అరెస్టయిన వ్యక్తి హక్కులు అని ప్రతి స్టేషన్లో ఒక బోర్డు ఉండాలి. మాదాంట్లో ఉన్నది వానకు తడిసి రంగు ఊడిపోయింది. కొత్తది రాయించాలి. "మీ అమ్మాయి లా చదువుతుంది కదా, తప్పుల్లేకుండా చెప్పి రాయించమనండి" అని ఎస్సై నాన్నకు చెప్పాడు. నేను పుస్తకం పట్టుకుని స్టేషన్ వరండాలో నిలబడ్డాను. పెయింటర్ ఖాజా భాయి తెల్లటి రేకు మీద నీలం రంగుతో రాస్తున్నాడు. ఒక్కో వాక్యం చదవడం, ఆయన రాసేదాకా ఆగడం. నా వెనక ఒక కిటికీ. దాని అవతల గదిలో తిమ్మప్ప నేల మీద కూర్చుని ఉన్నాడు, కాలికి గొలుసు, గొలుసు రెండో కొస బల్ల కాలికి. ఆయనను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గడ్డం పెరిగి, పెదాలు పగిలి, మనిషి చిన్నగా అయిపోయి ఉన్నాడు. తల ఒక పక్కకు వంచి నేను చదివేది వింటున్నాడు.

ఇరవై నాలుగు గంటల వాక్యం చదివాక లోపలి నుంచి మెల్లగా అడిగాడు.

"తల్లీ, అది ఎవురికి రాస్తాండ్రు?"

"పోలీసులు పట్టుకున్నోళ్ళకు."

"నన్ను పట్టుకున్నట్లేనా మరి?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే ఆయనకు తెలియదు. ఖాజా భాయి కుంచె గాల్లో పట్టుకుని ఒకసారి కిటికీ వైపు, ఒకసారి నా వైపు చూసి, తల దించుకుని "జర జల్దీ చెప్పమ్మా, రంగు ఆరిపోతది" అన్నాడు. మిగిలిన వాక్యాలు చదివాను.

మర్నాడు పొద్దున చెట్టు కింద స్టూళ్ళు వేసుకున్నాం. ఎద్దు పక్కనే నెమరేస్తోంది. నేను ఇరవై రెండు అడిగాను. నాన్న చాయ్ తాగుతూ ఉండిపోయాడు.

"ఎద్దుకు పంచనామా అయింది కద నాన్నా. కొమ్ము వంకర, వాత, అన్నీ రాసిన్రు. ఆ మనిషిని తెచ్చినట్టు ఏడ రాసిన్రు?"

"ఎస్సై సారు చూసుకుంటడు."

"రాసేది నువ్వే కద."

"ఆయన చెప్పింది రాస్త. చెప్పనిది ఎట్ల రాస్త" అని లేచి, స్టూలు తీసి గోడకు ఆనించాడు. ఆ పొద్దు చదువు అంతటితో అయిపోయింది.

ఇన్‌స్పెక్షన్ నాటి పొద్దున ఇంకా అమ్మ వాకిలి ఊడుస్తుండగానే నాన్న తిమ్మప్పను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. గొలుసు లేదు. రెండో అర్ర తలుపు తీసి ఆయనను లోపల కూర్చోబెట్టాడు. మా బియ్యం డ్రమ్ము, నా పుస్తకాలు, దుప్పట్లు ఉండే అర్ర అది. "మాపటిదాంక గీడ ఉంటడు. డీఎస్పీ సారు పోయేదాంక ఇంట్లకెల్లి ఎవ్వరు బయటికి రావొద్దు" అన్నాడు మా మొఖాలు చూడకుండా. తలుపుకు బయట గొళ్ళెం పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదని ఆయనకు తెలుసు. గేటు దగ్గర సెంట్రీ ఉండనే ఉన్నాడు. బూట్లు టకటకలాడించుకుంటూ నాన్న వెళ్ళిపోయాక అమ్మ చాలాసేపు చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నీళ్ళు కాగబెట్టి, నాన్న పాత లుంగీ ఒకటి తీసి ఇచ్చి, "తానం చెయ్యన్నా" అంది.

స్నానం చేసొచ్చి ఆయన అర్రలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. అక్కడి నుంచి వేపచెట్టు కనిపిస్తుంది. ఎద్దు ఆయనను చూసింది. చెవులు నిక్కబొడిచి, పలుపు లాక్కుంటూ గట్టిగా అరిచింది. మళ్ళీ అరిచింది. తిమ్మప్ప గభాలున కిటికీ రెక్కలు మూశాడు. మూసి, వాటికి వీపు ఆనించి కూర్చుని, "దానికి తెల్వదు, నన్ను పిలుస్తాంది" అన్నాడు.

బయట జీపు వచ్చిన చప్పుడు, విజిల్, బూట్ల చప్పుడు, సెల్యూట్లు. లోపల మేం ముగ్గురం గాలి పీల్చుకోవడానికి కూడా భయపడుతున్నట్టు ఉన్నాం. ఎండ పడి రేకులు కాలుతున్నాయి. కిటికీ మూసిన అర్రలో ఉక్క. అమ్మ పొయ్యి ముందు కూర్చుని పిండి కలిపింది. ఆ రోజు ఆమె రొట్టెలు కొట్టలేదు, వేళ్ళ కొసలతో ఒత్తుతూ ఒత్తుతూ వెడల్పు చేసింది. చప్పుడు లేకుండా అమ్మ రొట్టె చేయడం నేను అదే చూడటం. రొట్టె, పుంటికూర పళ్ళెంలో పెట్టి ఇస్తే ఆయన రెండు తిని, మూడోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి "సాకమ్మా" అన్నాడు. సాకు అంటే వాళ్ళ దిక్కున చాలు అని. కన్నడపు మాట.

నేను గుమ్మంలో కూర్చున్నాను. "తలుపుకు గొళ్ళెం లేదు" అన్నాను ఆయనతో. ఎందుకు అన్నానో తెలియదు.

"చూసినా తల్లీ. యాడికి పోవల్ల? నేను పోతే దొంగనే అని రాస్తరు. మీ నాయిన ఉద్యోగం పోతది. ఎద్దు ఈడనే ఉంటది." మళ్ళీ, "సంతల నలుగురి ముందర కొంటిని. దొంగతనంగ కొనలే" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పిన మాటో, చెప్పి చెప్పి అరిగిపోయినట్టు వినపడింది.

ఒళ్ళో పుస్తకం ఉంది. చూడటానికి కాదు, అలవాటుగా పట్టుకున్నాను. నేను చదివి రాయించిన బోర్డు కింద, మా వాకిలికి కూతవేటు దూరంలో, జిల్లాకు పెద్ద అధికారుల్లో ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయటికి పోయి నోరు తెరిస్తే చాలు. తెరిస్తే మొదట పోయేది ఎస్సై కాదు, ఎవరింట్లో మనిషి దొరికాడో వాళ్ళు. పుస్తకంలో ఒక పక్క వ్యక్తి ఉంటాడు, ఇంకో పక్క రాజ్యం ఉంటుంది. ఆ రాజ్యం మధ్యాహ్నం ఇంటికొచ్చి, చెమట పట్టిన సాక్సులు విప్పి తలుపు వెనక ఆరేసి, అన్నం పెట్టమని అడుగుతుందని ఏ పేజీలోనూ లేదు. నాన్న ఎస్సై చేతిలో ఉన్నాడు, ఎస్సై ఫోన్ చేతిలో ఉన్నాడు, తిమ్మప్ప మా అర్రలో ఉన్నాడు, మేం ఆయనతోపాటు ఉన్నాం. ఆ పగటిపూట ఊపిరాడకపోవడం ఎండ వల్ల కాదు.

మధ్యాహ్నం డీఎస్పీ భోజనానికి గెస్ట్‌హౌస్‌కు పోయినప్పుడు నాన్న ఇంటికొచ్చాడు. అమ్మ పళ్ళెం పెట్టింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నేను చెప్పేశాను.

"నాన్నా, రేపు పొద్దుగాల ఈయనను కోర్టుల నిలబెట్టకపోతే నేను పోత."

"ఏడికి?"

"కోర్టుకు. సెక్షన్ తొంభై ఏడు. మనిషిని అక్రమంగ దాచిపెడితే మెజిస్ట్రేట్ వెతికిస్తడు. గోవిందమ్మతోని దరఖాస్తు ఇప్పిస్త. ఏ ఇంట్ల వెతకాల్నో నేనే చెప్త."

అమ్మ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. నాన్న ముద్ద మింగి నీళ్ళు తాగాడు.

"తొంభై ఏడు మన సిలబస్ల లేదు కదా" అన్నాడు.

"నీ దాంట్ల లేదు. నా దాంట్ల ఉంది."

"నీ నాయిన నౌకరి పోతది."

"తెల్సు."

"తెల్సే అంటున్నవా."

"తెల్సే అంటున్న నాన్నా."

అర్రలోంచి తిమ్మప్ప గొంతు వినపడింది. "నా కోసరం ఇంట్ల కొట్లాడుకోవద్దు సారూ. ఆ పాపకు ఏమనొద్దు." నాన్న ఆ వైపు చూడలేదు. పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాడు. అన్నం పారేయడం ఆయనకు చేతకాదు. చెయ్యి కడుక్కుని, టోపీ పెట్టుకుని, బెల్టు సర్దుకుని గడప దాటాడు. అమ్మ నా పక్కన వచ్చి కూర్చుని ఎంగిలి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా డీఎస్పీ జీపు పోయింది. ఆ తర్వాత స్టేషన్లోంచి ఎస్సై గొంతు పెద్దగా వినపడింది. మాటలు అర్థం కాలేదు. నడుమ నడుమ నాన్న "సార్" అనడం మాత్రం వినపడింది. కాసేపటికి ఆయన ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొచ్చి "తిమ్మప్పా, పా" అన్నాడు. ఏడికి అని ఎవరూ అడగలేదు. తిమ్మప్ప పోతూ పోతూ అమ్మకు దండం పెట్టాడు. అమ్మ పిండి కలిపి పొయ్యి ముందు కూర్చుంది, చేతులు పిండిలోనే ఉంచి. ఆ సాయంత్రం స్టేషన్ వెనక గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. చాలాసేపు చూసి అమ్మ మెల్లగా రెండు మూడు రొట్టెలు చేసి పిండిపళ్ళెం పక్కకు జరిపింది.

మర్నాడు తిమ్మప్పను కోర్టుకు తీసుకుపోయారు. నేను కాలేజీ ఎగ్గొట్టి గోవిందమ్మతోపాటు బస్సెక్కి పోయాను. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. నాన్న ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో తిమ్మప్ప పక్కన నిలబడ్డాడు. మెజిస్ట్రేట్ కాగితాలు చూసి తలెత్తి అడిగాడు. "ఎప్పుడు పట్టుకున్నారు?"

తిమ్మప్ప నాన్న వైపు చూశాడు. నాన్న ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తున్నాడు.

"ఈ పొద్దే సామీ."

"కొట్టారా?"

"లేదు సామీ."

రిమాండు అయింది. బస్టాండు దగ్గర తెల్లవారుజామున అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు రాసి ఉందట. స్టేషన్ గదిలో గొలుసుతో ఉన్న రోజులు, మా అర్రలో గడిచిన పగలు, ఏవీ ఎక్కడా లేవు. నేను చదివిన చట్టం అక్షరం పొల్లుపోకుండా అమలైంది, ఇరవై నాలుగు గంటలు కూడా కాకముందే. నాకు ఏడుపొచ్చింది. గోవిందమ్మ కూడా ఏడ్చింది, ఆమెది సంతోషం. "కోర్టు చేసిన్రమ్మా, ఇంగ ఏం భయం లేదు" అని నా చేతులు పట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే అయింది. కొన్నాళ్ళకు ఆ ఎద్దులు అమ్మినవాడు వేరే సంతలో వేరే పోలీసులకు దొరికాడు. తిమ్మప్ప మీద కేసు నిలబడలేదు.

బయటికొచ్చాక ఒకరోజు పల్లీల మూట తెచ్చి గేటు అవతలే నిలబడి అమ్మకు కబురు పంపాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఎద్దును కోర్టు అప్పటికే ఆసామికి ఇచ్చేసింది. ఆ మాట అమ్మ చెబితే, తల ఊపి, "మంచిగ తింటాందా" అని అడిగాడు. జైల్లో ఎట్లా ఉండె అని నేను అడిగాను. "ఈడికన్నా ఆడనే నయం తల్లీ. ఆడ నా పేరు రాసుకున్నరు. పొద్దున పేరు పిలుస్తరు, నేను పలుకుదును. మనిషి ఉన్నట్లు తెలుస్తాండె" అన్నాడు. ఆర్టికల్ ఇరవై రెండుకు ఆ మాటతో సమానమైన వ్యాఖ్యానం ఇన్నేళ్ళ నా వకాలతులో ఇంకెక్కడా నాకు దొరకలేదు.

ఆ నెల తిరగకముందే నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చింది. ఉప్పునుంతల దాటి, అడవి అంచున ఉన్న స్టేషన్‌కు. ఆ రోజుల్లో నక్సలైట్ల భయానికి అటువైపు స్టేషన్ల చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ళకంచెలు ఉండేవి. పోలీసులు బస్సెక్కితే యూనిఫాం సంచిలో పెట్టుకుని మామూలు బట్టల్లో పోయేవాళ్ళు. కుటుంబాలను తీసుకుపోయేవాళ్ళు కాదు. అమ్మా నేనూ నాగర్‌కర్నూల్‌లో కిరాయి గదికి మారాం. నాన్న సెలవు దొరికినప్పుడు వచ్చి, చొక్కా విప్పకుండానే మంచం మీద పడి నిద్రపోయేవాడు. ఆయన లేనప్పుడు కిరాయి గదిలో ఎవరు తలుపు తట్టినా అమ్మ వెంటనే తీసేది కాదు. ఏ కబురు వచ్చిందోనని గుండె మీద చెయ్యేసుకుని నిలబడేది. వేపచెట్టు కింది చదువు మళ్ళీ మొదలు కాలేదు. ఆయన పరీక్ష రాయలేదు. నేను నాది రాశాను, పాసయ్యాను, నాగర్‌కర్నూల్‌లోనే నల్లకోటు వేసుకున్నాను. నాన్న హెడ్డుగానే రిటైరయ్యాడు.

ఇప్పుడు స్టేషన్లలో కెమెరాలు ఉన్నాయి. హక్కుల బోర్డులు ప్రింటు చేసి వస్తున్నాయి. చట్టం పేరు మారింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి, నేను కంఠతా పట్టినవి ఇప్పుడు ఎవరికీ పనికిరావు. అప్పుడు గోవిందమ్మ అరుగు మీద కూర్చునేది, ఇప్పుడు వాళ్ళు సెల్లులో ఫోన్ చేస్తారు. "ఎప్పుడు తీస్కపోయిన్రు?" అని అడుగుతాను. "మూడు దినాలైంది మేడం" అంటారు. రిమాండు కాగితం తెప్పించుకుంటే ఈ పొద్దున అని ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు జడ్జి గారికి చెప్పమని నా క్లయింటుకు చెబుతాను. కొందరు చెబుతారు, అప్పుడు నేను వాదిస్తాను, ఒక్కోసారి గెలుస్తాను. చాలామంది పక్కన నిలబడ్డ పోలీసు మొఖం చూసి ఈ పొద్దే అంటారు. మొదట్లో వాళ్ళ మీద కోపమొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. వాళ్ళ పక్కన నిలబడి గోడ వైపు చూస్తున్న హెడ్డును చూస్తాను, ఈయనకు ఇంట్లో ఎవరున్నారో అనుకుంటాను.

ఆ మధ్యాహ్నం నాన్నను కదిలించింది నేను చెప్పిన తొంభై ఏడే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆయన ఎస్సైకి ఆ సెక్షన్ చెప్పి ఉంటాడు, కోర్టు భయం పెట్టి ఉంటాడు అనుకున్నాను. అందులో కొంచెం గర్వం ఉండేది, ఆయనను అడవికి పంపింది నేనే అన్న బరువూ ఉండేది. పోయిన వానాకాలం ఆయన దవాఖానలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ బయటికి పోయి మేమిద్దరమే ఉన్న సమయంలో, నెమ్మదిగా అడిగాను. "ఆ పొద్దు ఎస్సైకి ఏం చెప్పినవు నాన్నా?"

ఏ పొద్దు అని ఆయన అడగలేదు.

"ఇంట్ల ఎదిగిన ఆడపిల్ల ఉన్నది సార్, పరాయి మొగోన్ని నా ఇంట్ల పెట్టుకోను అన్న. స్టేషన్ల పెట్టుకుంటరో కోర్టుకు పంపుతరో మీ ఇష్టం, నా ఇంట్ల మాత్రం వద్దన్న. రేపు ఎవరన్నా వచ్చి చూస్తే నేను రాయనిది కూడ చెప్పాల్సొస్తది అన్న. ఆయనకు కోపమొచ్చింది. వస్తది కద."

ఆర్టికల్ లేదు, సెక్షన్ లేదు. ఆడపిల్ల.

"చట్టం చెప్పకపోతివా" అన్నాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినపడింది.

"చట్టం చెప్తే, నీకెవలు చెప్పిన్రు అని అడుగుతుండె. నీ పేరు చెప్పాల్సొస్తుండె." దుప్పటి గుండెల దాకా లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. "ఆడపిల్ల అంటే ఎవ్వరు పేరు అడగరు బిడ్డా."